మంచు తర్వాత మనది

రాజోలుకి దిగువన, గోదావరి గట్టు దిగగానే వచ్చే కొత్తరేవుపాలెంలో ఒకప్పుడు రాత్రి భోజనాల వేళ గడియారం చెప్పేది కాదు, కాశ్మీరు చెప్పేది. నవ్వకండి. ఏ ఇంటికైనా పొద్దుగూకాక వెళ్ళి "అన్నాలయ్యేయా?" అని అడిగితే, "ఇంకా మంచు పడలేదు కదండీ" అనేవారు. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి అందులో వింతేమీ కనపడేది కాదు. కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళు మాత్రం నాలుగురోజులు బిక్కమొహాలు వేసుకుని ఆకాశంకేసి చూసేవారు.

సంగతేమిటంటే, ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో చెక్క అలమారులో తాళం వేసి పెట్టిన రేడియో ఒకటి ఉండేది. దానికింద ఇటుకంత బరువున్న బ్యాటరీ పెట్టె, అరుగు మీదికి స్పీకరు. ఊరికి కరెంటు రాలేదు అప్పటికి. బ్యాటరీ అయిపోతే అమలాపురం నుంచి మెకానిక్కు రావాలి. అతను వస్తానన్న రోజుకీ వచ్చిన రోజుకీ పొంతన ఉండదు. ఒకసారి నెలా పదిరోజులు రేడియో మూగపోతే జనం ప్రెసిడెంటు జగ్గయ్యగారిని వీధిలో నడవనివ్వలేదు. దాంతో ఆయన ఒక ఆర్డరు వేశారు. పాటలు పెట్టండి, రైతుల కార్యక్రమం పెట్టండి, ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు పెట్టండి, ఆ పైన నోరు కట్టెయ్యండి అని.

వార్తల చివర వాతావరణం వచ్చేది. అదెప్పుడూ దేశం నెత్తి మీద నుంచే మొదలు. "జమ్మూ కాశ్మీరులోనూ, హిమాచల్ ప్రదేశ్ ఎగువ ప్రాంతాల్లోనూ మంచు కురిసింది" అనగానే టక్కున రేడియో ఆగిపోయేది. జనం పంచెలు దులుపుకుని లేచేవారు. ఎండాకాలంలో మంచు లేకపోయినా ఫరవాలేదు, కాశ్మీరు పేరు వినపడితే చాలు. అవతల ఇళ్ళల్లో అప్పుడే కంచాలు పెట్టేవారు. మంచు పడటమంటే ఆ ఊరికి అదీ అర్థం. ఎక్కడో కొండల మీద పడే మంచుతో కొబ్బరితోటల్లో బతికేవాళ్ళకి ఏం పని అని అందరూ అనుకున్నారు. చదువుకున్న జగ్గయ్యగారూ అనుకున్నారు.

ఆ మంచు దగ్గర రేడియో బిరడా తిప్పే చెయ్యి ఇశ్రాయేలుది.

ఇశ్రాయేలుది ఊరికి ఎడంగా ఉండే పేట. తండ్రీ తాతా జగ్గయ్యగారి చేలల్లో నాట్లు వేసి, కోతలు కోసి వెళ్ళిపోయినవాళ్ళు. ఇతను మాత్రం మిషన్ బడిలో అయిదు దాకా చదివి, పేటలో చర్చి గంట కొట్టే పనికి కుదిరేడు. గంట కొట్టడంలో ఏముంది అంటారేమో. చేతికి గడియారం లేకుండా పదకొండేళ్ళు, ఒక్క ఆదివారం కూడా అటూ ఇటూ కాకుండా కొట్టడం మీరూ నేనూ చెయ్యగల పని కాదు. ఆ కబురు జగ్గయ్యగారి చెవిన పడి, "నీకు టైము తెలుసంట కదరా. ఈ రేడియో నువ్వు చూసుకో" అన్నారు. అలా పంచాయతీ అటెండరై, రేడియో ఇశ్రాయేలై, ఊరి మధ్యలో అరుగెక్కి కూర్చున్నాడు. అతని వాళ్ళు మాత్రం అరుగెక్కేవారు కాదు. పేట మగవాళ్ళు మెట్ల దగ్గర చేరేవారు. ఆడవాళ్ళు ఇంకా వెనక, రోడ్డు మీదే నిలబడి వినేవారు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, ఎక్కమనీ అనలేదు. ఇలాంటివి అలాగే జరిగిపోతుంటాయి.

అతనికి ఒక్కగానొక్క చెల్లెలు విజయకుమారి. తల్లి పోయాక ఎత్తుకు పెంచేడు. ఆమె భర్త జోజి సరుగుడు నావల మీద పనిచేసేవాడు. తెల్లారకుండా నావ కట్టు విప్పి, గోదావరి వెంట దిగువకి పోయి, సముద్రపొడ్డు తోటల్లోంచి సరుగుడు కర్ర నింపుకుని మర్నాటికి తిరిగొచ్చేవారు. జోజికి రేడియో అంటే పిచ్చి. మెట్టు మీద కూర్చుంటే కదిలేవాడు కాదు. మంచు పడి అందరూ లేచిపోయినా, ఆగిపోయిన స్పీకరుకేసి చూస్తూ "అప్పుడే కట్టేసేవా బావా" అనేవాడు.

డెబ్బయిరెండు డిసెంబరు మొదటివారంలో ఒక సాయంత్రం. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. వార్తలు అయ్యాయి. "జమ్మూ కాశ్మీరులో విస్తారంగా మంచు కురిసింది. హిమాచల్ ప్రదేశ్‌లో..." అంటూ మొదలైంది. ఆ వేళ ఎందుకో ఇశ్రాయేలు చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైంది. చదివే ఆయన గొంతు బాగుందనిపించి విన్నాడు, అంతే. వెనక రోడ్డు మీంచి ఎవరో ఆడమనిషి, "మంచు పడిందిగా, ఇంకా ఎందుకూ, కట్టెయ్యకూడదా" అంది. నలుగురు నవ్వేరు. ఇశ్రాయేలు తల ఎత్తకుండానే బిరడా తిప్పేడు. జోజి లేచి పంచె దులుపుకుని, "వస్తా బావా, పొద్దున్నే నావ ఉంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆకాశం మారింది. పెద్ద తుఫానేమీ కాదు. ఊళ్ళో రెండు పాకలు లేచిపోయాయి, అరటితోటలు పడుకున్నాయి. పేపర్లో రెండు వరుసలు కూడా పడి ఉండవు. గోదావరి సముద్రంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి కర్ర నింపుకొస్తున్న నావ ఒకటి తిరగబడింది. అందులో ముగ్గురున్నారు. ఇద్దరు సరుగుడు దుంగలు పట్టుకుని ఒడ్డుకి చేరేరు. జోజి చేరలేదు. మూడోరోజున దొరికాడు. విజయకుమారికి అప్పటికి ఇరవైనాలుగేళ్ళు, ఒళ్ళో ఆడపిల్ల.

సమాధి అయిన మర్నాడు పోస్టుమేన్ ఏడుకొండలు పలకరించడానికి వచ్చేడు. రాజోలు నుంచి టపా తెచ్చేది అతనే. మంచం పట్టె మీద కూర్చుని, మంచి మనసుతోనే అన్నాడు.

"అదేంటండీ ఇశ్రాయేలుగారూ, ముందురోజు సాయంత్రం రేడియోలో చెప్పేరు కదండీ. కోస్తాలో తుఫాను గాలులొస్తాయి, పడవలు కట్టేసుకోండి అని. రాజోల్లో టీ కొట్టు దగ్గర నేనే విన్నానండి. ఆ పక్క ఊళ్ళోళ్ళు ఒక్కళ్ళూ విప్పలేదంట. మీ నావొక్కటే ఎలా పోయింది?"

"ఎప్పుడు చెప్పేరు?" అన్నాడు ఇశ్రాయేలు.

"ఆ మంచూ గించూ చెప్తారు చూడండి, అదయ్యాకండి."

లోపల విజయకుమారి పిల్లకి అన్నం పెడుతోంది. ఆమె విన్నదో లేదో అతనికి తెలియలేదు. అటు చూసే ధైర్యం లేకపోయింది.

ఊళ్ళో ఒక్కరూ అతన్ని మాట అనలేదు. వాడి రోజులు అంతే రాసున్నాయన్నారు. చర్చిలో ప్రార్థన చేశారు. కానీ గంట కొట్టినవాడికి తన చేతి లెక్క తనకి తెలుస్తుంది. ఇంకో రెండు నిమిషాలు బిరడా తిప్పకుండా ఉంటే, మెట్టు మీద కూర్చున్న జోజి ఆ మాట తన చెవులతో తను వినేవాడు. ఎవరో ఆడమనిషి కట్టెయ్యమన్న సంగతి ఇశ్రాయేలుకి గుర్తుంది గాని, అది ఎవరి గొంతని వెతకలేదు. ఎవరంటే ఏం, తిప్పిన చెయ్యి తనదే కదా. చెల్లెలికి చెప్పాలనుకున్నాడు. వాకిట్లో కూర్చుని నోటి దాకా తెచ్చుకుని మింగేసిన రోజులు చాలా ఉన్నాయి. ఆ పిల్లకి ఈ భూమ్మీద తను తప్ప దిక్కు లేదు. నీ మొగుణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నానని చెబితే, రేపట్నుంచి ఈ గడప తొక్కనిస్తుందా? చెప్పకపోతే ఆమె చేతి గంజి తన గొంతు దిగుతుందా? రెండూ కష్టమే. రెంటిలోనూ తేలికైనదాన్ని పట్టుకుని ఊరుకున్నాడు. మనం మాత్రం ఏం చేసి ఉండేవాళ్ళం.

ఒక్క పని మాత్రం చేశాడు. ఆ వారం నుంచి మంచు దగ్గర రేడియో కట్టడం మానేశాడు.

వెంటనే జగ్గయ్యగారి దగ్గర నుంచి పిలుపొచ్చింది. "ఏరా, మంచు పడినా కట్టట్లేదంట? బ్యాటరీ మీ తాత తెచ్చిస్తాడా?"

"ఆయ్. మంచు తర్వాత మనది ఉందండి."

"మనదేంటి?"

"కోస్తా అండి. అది చివర్లో చెప్తారండి."

జగ్గయ్యగారు కోపిష్టే గాని మూర్ఖుడు కాదు. నావ సంగతి ఆయనకీ తెలుసు. కాసేపు మీసం సవరించుకుని, "పాటల్లో తగ్గించుకో అయితే" అన్నారు. పాటలు తగ్గేసరికి ఊరంతా ఇశ్రాయేలు మీద గయ్యిమంది. అతను ఓర్చుకున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. రేడియో మోగుతున్నా జనం ఆగడం లేదు. మంచు అనగానే ఏళ్ళ తరబడి అలవాటైన కాళ్ళు లేచి ఇంటికి పోతున్నాయి. కోస్తా వచ్చేసరికి అరుగు మీద ఇశ్రాయేలూ, ఒక కుక్కా మిగిలేవారు. ఎవరూ వినని హెచ్చరిక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. రెండు నెలలు బతిమాలి చూశాడు. "ఇంకాస్త ఆగండి బాబూ" అంటే, "నీకేంటయ్యా, నీ ఆకలి నీ ఇష్టం" అని వెళ్ళిపోయేవారు.

అప్పుడు అతనికి తట్టింది. ఈ జనాన్ని మంచు లేపుతోంది కనక ఆ మంచుతోనే కూర్చోబెట్టాలి. బడి పంతులుగారిని అడిగి, అస్సాం దగ్గర చిరిగిపోయిన పాత ఇండియా పటం ఒకటి తెచ్చి అలమారు పక్క గోడకి కొట్టేడు. పేట చివర బూరుగు చెట్టు కింద దూది ఏరుకొచ్చేడు. రేడియోలో కాశ్మీరు అనగానే ఇంత దూది తీసి, అన్నం మెతుకుతో కాశ్మీరు మీద అంటించేడు. సిమ్లా అంటే సిమ్లా మీద. కాస్త కురిస్తే వేలి గోరంత, బాగా కురిస్తే పిడికెడు. మొదటిరోజు లేచిన జనం లేచినట్టే నిలబడిపోయేరు.

"అంత పడితే తలుపులెలా తీసుకుంటారండీ?" అంది ఒకావిడ.

"పారలతో తవ్వుకుంటారంటండి."

"మరి బట్టలెక్కడారేసుకుంటారు పాపం?"

దీనికి ఇశ్రాయేలు దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న వేసినావిడ జవాబు కోసం చూస్తూ కోస్తా దాకా నిలబడింది. అదే కావాలి అతనికి. మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఊళ్ళో ఆడవాళ్ళు సిమ్లావాళ్ళ మీద జాలిపడటం మొదలెట్టారు. నిన్నటి కన్నా ఎక్కువ పడుతుందా తక్కువ పడుతుందా అని చింతగింజలతో పందాలు కాశారు. పటం మీద దూది పైనుంచి మొదలై, చలిగాలులు పంజాబు దిగి, వానలు మధ్యదేశం దాటి, చివరికి ఇశ్రాయేలు వేలు బంగాళాఖాతం ఒడ్డుకొచ్చి ఆగేది. అప్పుడు ఒక్కరూ మాట్లాడేవారు కాదు. అక్కడ వాయుగుండం ఉందంటే నీలం రంగు మీద ఎర్రమందారం రేక అంటించేవాడు.

పటం కనపడాలంటే రోడ్డు మీద నిలబడితే కుదరదు. పేట ఆడవాళ్ళు ముందు మెట్ల దాకా, తర్వాత అరుగు మీదికీ వచ్చేశారు. ఎవరూ ఎక్కమనలేదు, ఈసారీ ఎవరూ ఎక్కొద్దనలేదు. అందరికన్నా ముందు ఎక్కింది విజయకుమారి. ఒకరోజు ఏమీ చెప్పకుండా అన్న చేతిలో దూది తీసుకుని తనే అంటించింది. ఆనాటి నుంచి అది ఆమె పనైపోయింది. తెల్లచీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుని, చీర కొంగులో దూదీ, అరచేతిలో నాలుగు మెతుకులూ పట్టుకుని, కాశ్మీరు కోసం ఎదురుచూసేది. పసిపిల్లలా సరదాపడుతోంది పాపం, దీనికేం తెలియదు అనుకునేవాడు ఇశ్రాయేలు. ఆమె దూది అంటిస్తుంటే అతను గోడవైపు కాకుండా బిరడావైపు చూసేవాడు.

డెబ్బయ్యేడులో దివిసీమ మునిగిపోయిన తుఫాను ముందు, అరుగు మీద ఊరు ఊరంతా ఉంది. ఇశ్రాయేలు మందారం రేక అంటించేడు. ఆ రాత్రికి ముందే రేవులో నావలన్నీ రెండు తాళ్ళతో కట్టేశారు. పేట వాళ్ళంతా బడిలోకీ, చర్చిలోకీ చేరేరు. తుఫాను అటు తిరిగిపోయింది, ఇక్కడ గాలి మాత్రమే వీచింది. అయినా జగ్గయ్యగారు అందరిముందూ, "ఇశ్రాయేలు గారూ, మీ మంచు మంచిదేనండి" అన్నారు. ఆయన నోట 'గారూ' అన్న మాట అతను మొదటిసారి విన్నాడు. సంతోషించాల్సిందే. అతనికి మాత్రం అయిదేళ్ళ కిందటి నావే కళ్ళముందు మెదిలింది. ఆ రాత్రి ఎలాగైనా చెల్లెలికి చెప్పేయాలని ఆమె ఇంటిదాకా వెళ్ళి, వాకిట్లో లాంతరు దగ్గర పిల్ల చదువుకుంటుంటే చూసి వెనక్కి వచ్చేశాడు.

కాలం ఆగదు కదా. ఊరికి కరెంటు వచ్చింది. ఇంటింటికీ ట్రాన్సిస్టరు వచ్చింది. అరుగు మీద జనం పలచబడ్డారు. ఎనభై అయిదులో పంచాయతీ టీవీ తేవాలని తీర్మానం చేసింది. గోడ మీద పటం ఉన్నచోట టీవీ స్టాండు పెడతారట. డిసెంబరు రెండోవారంలో రేడియోని స్టోరులో పెట్టేయమని ఆర్డరు వచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఇశ్రాయేలు జుట్టు కూడా అప్పటికి దూది రంగుకి తిరిగింది.

ఆ చివరి సాయంత్రం అరుగు మీద ఇద్దరే ఉన్నారు. ఇశ్రాయేలు రేడియో పెట్టేడు. చెల్లెలు ఎప్పటిలాగే దూదితో వచ్చి గోడపక్క నిలబడింది. ఈ రేడియో లోపలికి పోతే ఇక ఈ మాట చెప్పడానికి తనకి చోటు ఉండదని ఇశ్రాయేలుకి తెలుసు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, బడిలో దెబ్బలు తినబోయే పిల్లాడిలా అయిపోయాడు.

"కుమారీ, నీకో మాట చెప్పాలమ్మా."

"చెప్పన్నయ్యా."

వార్తలు అయిపోయాయి. వాతావరణం మొదలైంది. కాశ్మీరులో మంచు తుఫాను, శ్రీనగర్ రోడ్డు మూసుకుపోయింది, హిమాచల్‌లో ఈ ఏడుకల్లా ఎక్కువ మంచు. విజయకుమారి గుప్పెడు దూది తీసి అంటించింది.

"జోజి పోయిన ముందురోజు," అన్నాడు ఇశ్రాయేలు, "ఇక్కడే... మంచు దగ్గర రేడియో కట్టేసేను. ఆ తర్వాతే చెప్పేరు, పడవలు విప్పొద్దని. ఏడుకొండలు చెప్పేదాకా నాకూ తెలీదు. జోజి ఈ మెట్టు మీదే కూర్చున్నాడమ్మా. నేను కట్టకుండా ఉంటే వినేవోడు. నీకు చెప్పలేకపోయేను. పదమూడేళ్ళు నీ చేతి కూడు తిన్నాను."

ఆమె ఇటు తిరగలేదు. పటం మీద దూది ఊడిపోకుండా వేలితో నొక్కుతూ ఉంది.

"తెలుసన్నయ్యా."

"తెలుసా?"

"ఏడుకొండలుగారు చెప్పిన నాడు లోపలే ఉన్నాను కదా. కట్టెయ్యమంది ఎవరో నీకు గుర్తులేదా?"

ఇశ్రాయేలు ఆమెకేసి తిరిగేడు.

"నేనే. రోడ్డు మీంచి. ఆయన తెల్లారకుండా పోవాలి, కూడు చల్లారిపోతంది, నువ్వు కట్టేస్తే గాని కదలడు. అందుకని అరిచేను. నువ్వు కట్టేసేవు. ఆయన వచ్చి తిని పడుకున్నాడు." ఆమె గొంతు ఏమీ వణకలేదు. ఎన్నోసార్లు తనలో తను చెప్పుకున్న మాటలు అలాగే ఉంటాయి. "నీకు గుర్తుండి కూడా నా మొహం మీద అనకుండా దాచేవనుకున్నాను. నువ్వెప్పుడైనా అంటావేమోనని రోజూ వచ్చి ముందు కూర్చున్నాను. నువ్వు అనలేదు."

ఇశ్రాయేలు స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళూ పసిపిల్ల ఆటలా చూసిన ఆ దూది ఏమిటో అప్పుడు తెలిసింది. తను ఒక్కడే మోస్తున్నాననుకున్నదాన్ని రెండో కొస పట్టుకుని ఆమె కూడా మోస్తోంది, రోజూ, ఇదే అరుగు మీద. ఏదో అనబోయాడు. జోజి పేరో, ఆమె పేరో.

"ఉండన్నయ్యా," అంది విజయకుమారి, చెయ్యి అడ్డం పెట్టి. "మనది ఇంకా రాలేదు."

ఇద్దరూ స్పీకరుకేసి చూస్తూ విన్నారు. పంజాబులో వడగళ్ళు. ఉత్తరప్రదేశ్‌లో పొగమంచు. ఒరిస్సాలో పొడి. ఆమె పెదవులు ఒక్కో పేరూ లోపల పలుకుతున్నట్టు కదులుతున్నాయి. చివరికి వచ్చింది. కోస్తా ఆంధ్రలో వాతావరణం పొడిగా ఉంటుంది, సముద్రం ప్రశాంతంగా ఉంది, జాలర్లకు హెచ్చరికలేమీ లేవు.

అలమారు దగ్గరికి వచ్చి, చెల్లెలు అతని భుజం మీద చెయ్యి వేసింది. మెతుకు తడి ఇంకా ఆరని వేళ్ళు.

"ఇప్పుడు కట్టెయ్ అన్నయ్యా," అంది.